ముఖాలు మరిచిన గేటుమనిషి

కొత్తపేట దాటి ఎల్బీనగర్ వైపు పోతుంటే మెట్రో స్తంభాల పక్కన ఐదంతస్తుల బట్టల దుకాణం కనిపిస్తుంది. బయట బొమ్మలకు పట్టుచీరలు కట్టి నిలబెట్టారు. అక్కడ సువర్ణరేఖ అనే సినిమా హాలు ఉండేదని చెబితే మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు సెల్‌ఫోన్‌లోంచి తల కూడా ఎత్తరు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఉన్న కోపమంతా నా మీదే. ఆ హాలు గేటు దగ్గర ముప్ఫై ఏళ్లు నిలబడ్డ మనిషి గురించి రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నా, రెండు వాక్యాలు రాసి లేచి అటూ ఇటూ తిరుగుతున్నాను. ఈసారి లేవకూడదని గొళ్లెం పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన పేరు సీతారాములు. ఊరు నల్లగొండ జిల్లాలో మునుగోడు దగ్గర. 1981లో సువర్ణరేఖ కడుతున్నప్పుడు ఇటుకలు మోసే పనికి వచ్చాడు. హాలు తెరిచిన రోజు జనాన్ని ఆపడానికి మనుషులు చాలకపోతే గేటు దగ్గర నిలబడమన్నారు. నిలబడ్డాడు, ఇక అక్కడే ఉండిపోయాడు. భార్య అండాలమ్మ హాలు ఊడ్చేది. టికెట్ల కౌంటర్ వెనక చిన్న గది ఇచ్చారు. కూతురు యాదలక్ష్మి ఆ గదిలోనే పుట్టింది. గోడ అవతల పాటలు వింటూ నిద్రపోయే అలవాటై, హాలుకు సెలవున్న రోజు నిద్ర పట్టక ఏడ్చేదట. పిల్లకు పదేళ్లప్పుడు అండాలమ్మ జ్వరంతో పోయింది. మళ్లీ పెళ్లి చేసుకోమని ఎంతమంది చెప్పినా ఆయన వినలేదు. పిల్లకు జడ వేయడం, అన్నం వండడం నేర్చుకుని తనే పెంచాడు.

సీతారాములుకు చదువు రాదు. ముఖం ఒక్కసారి చూస్తే మాత్రం మరిచిపోడు. ఇంటర్వెల్‌లో బయటికి పోయేవాళ్లకు చీటీలిచ్చి, ఆ చీటీ చూసి మళ్లీ లోపలికి పంపడం మిగతా హాళ్ల పద్ధతి. చీటీలు చేతులు మారేవి, ఒకడు బయటికి పోతే ఇద్దరు లోపలికి వచ్చేవాళ్లు. సువర్ణరేఖలో చీటీలే లేవు. మూడు నాలుగు వందల మంది టీకీ సిగరెట్టుకీ రోడ్డు మీద పడితే, బెల్లు కొట్టాక సీతారాములు గేటు ఒక రెక్క తెరిచి పక్కన నిలబడేవాడు. సినిమా చూస్తున్నవాడు నేరుగా లోపలికి పోయేవాడు. చూడనివాడి ఛాతీకి అడ్డంగా ఆయన చేయి లేచేది. ఆ చేయి తప్పుగా లేచిన రోజు లేదని చుట్టుపక్కల దుకాణాల వాళ్లంతా చెప్పుకునేవాళ్లు.

గడ్డిఅన్నారం కుర్రాడొకడు ఇంటర్వెల్‌లో ఎదురుగా ఉన్న సెలూన్‌కు పోయి మీసం తీయించుకుని, స్నేహితుడి చొక్కా తొడుక్కుని వచ్చాడట. సీతారాములు వాడిని ఆపకుండా పంపించి, మీసం ఉంటేనే మంచిగుండెనని వెనక నుంచి అన్నాడట. ఈ కథ నేను కనీసం పది మంది నోట విన్నాను. అందరూ ఆ రోజు తాము అక్కడే ఉన్నామన్నారు.

2003లో సినిమాలు ఆగిపోయాయి. జనం తగ్గారు, యజమాని విసిగిపోయాడు. కుర్చీలు పీకించి ఫంక్షన్ హాలు చేశాడు. నేల వాలు సంగతి ఎవరికీ తట్టలేదు. సినిమా హాలు నేల వెనక నుంచి తెర వైపు దిగుతూ వస్తుంది కదా, భోజనాల బల్లలు వేస్తే విస్తళ్లలో సాంబారంతా ఒకే వైపు చేరేది. మగపెళ్లివాళ్లు దాన్ని కూడా అవమానం కింద లెక్కేసి అలిగేవాళ్లు. పిలవని పెళ్లికి వచ్చి తినిపోయేవాళ్లను పట్టుకోవడం అప్పుడు సీతారాములు పని. వేరువేరు పెళ్లిళ్లలో ఒకే ముఖం కనిపిస్తే చేయి అడ్డం పెట్టాలి. ఆకలితో వచ్చాడని తెలిస్తే మాత్రం చేయి లేపలేదని నాతో తర్వాత చెప్పాడు.

రెండేళ్లకు పెళ్లిళ్లు కూడా ఆగాయి. ఒక ఆషాఢంలో చీరల అమ్మకం పెట్టారు, ఆ తర్వాత ఎవరో కూలర్లు దాచుకున్నారు. 2007లో తణుకు నుంచి వచ్చిన త్రినాథరావు గారు హాలు అద్దెకు తీసుకున్నారు. ఆ వాలు నేలను చూసి సంతోషపడ్డ మొదటి మనిషి ఆయనే. గ్రూప్స్‌కూ ఎస్సై పరీక్షలకూ కోచింగ్ పెట్టారు. తెర ఉన్న చోట నల్లబల్ల, ఆరు వందల మందికి బెంచీలు. దిల్‌సుఖ్‌నగర్‌లో వీధికి నాలుగు కోచింగ్ సెంటర్లున్నా, చివరి బెంచీ వాడికి బోర్డు కనిపించేది సువర్ణరేఖలోనే. సీతారాములు అదే గేటు దగ్గర, అదే గదిలో ఉన్నాడు. యాదలక్ష్మి పెళ్లయి బాలాపూర్ వెళ్లింది. అల్లుడిది ట్రాలీ ఆటో. ప్రతి ఆదివారం ఆమె సద్ది కట్టుకుని వచ్చి తండ్రి గది కడిగి, బట్టలు ఉతికి పోయేది.

నేను 2010 జూన్‌లో చేరాను. నా పేరు శేఖర్. మాదీ నల్లగొండ జిల్లానే, చండూరు పక్కన. మొదటి రోజు సీతారాములు నన్ను ఆపి చాలాసేపు చూసి, "గీ ముక్కు నేను ఇంతకుముందు సూసిన," అన్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే తెలిసింది, మా మేనమామ ఎప్పుడో పెళ్లికాక ముందు సువర్ణరేఖలో వరసగా మూడాటలు చూశాడట. అప్పటినుంచి ఆయన నాకు కాక అయ్యాడు. పొద్దున క్లాసుకు ముందు ఆయన గదిలో టీ తాగేవాణ్ణి.

ఆ రెండేళ్లు మా వయసు వాళ్లెవరికీ ఒకచోట కూర్చోబుద్ధయ్యేది కాదు. పొద్దున రాజ్యాంగం పాఠం, మధ్యాహ్నం ర్యాలీ, సాయంత్రం టీవీ ముందు ఢిల్లీ కబుర్లు. నోటిఫికేషన్ రావాలని పుస్తకాలు తిరగేసేవాళ్లం. నోటిఫికేషన్ వస్తే, తెలంగాణ ఇచ్చేదాకా పరీక్షలు పెట్టొద్దని మేమే రోడ్డెక్కేవాళ్లం. ఇంటి దగ్గర అమ్మ నౌకరి ఎప్పుడొస్తదని అడిగితే బాగా కోపమొచ్చేది. హాలు వరండాలో రిలే దీక్షల టెంటు వేశారు. 2011 మార్చిలో మిలియన్ మార్చ్ అనగానే ఎక్కడి నుంచో వచ్చిన పోలీసులు పది రోజులు హాల్లోనే పడుకున్నారు, బాల్కనీ రెయిలింగు పొడుగునా ఖాకీ బనియన్లు ఆరేశారు. వాళ్లు పోయాక మళ్లీ మా క్లాసులు. ఏ రోజు లోపల ఏం జరుగుతుందో కనుక్కున్నాకే గేటు తీయాలని సీతారాములు నవ్వేవాడు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బళ్లు మూశారు. త్రినాథరావు గారు ముందు వైపు షట్టర్ దించి పక్క తలుపు నుంచి క్లాసులు నడిపించారు. ఆయన భయం ఆయనది. మేం కొందరం క్లాసు మానేసి ర్యాలీలో కలిశాం. అక్టోబరు మొదట్లో ఒక పొద్దున దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోతుంటే సరిగ్గా సువర్ణరేఖ ముందు పోలీసు జీపు అడ్డం పెట్టారు. లాఠీలు లేచాయి. నా పక్కవాడు కింద పడ్డాడు. నేను రోడ్డు పక్క ఇటుక ముక్క తీసి విసిరాను. గర్వంగా చెప్పడం లేదు. అది ఒక కానిస్టేబుల్ కనుబొమ్మ మీద తగిలింది. రక్తం ముఖమంతా కారడం చూశాను. ఏడు కుట్లు పడ్డాయని తర్వాత పేపర్లో చదివాను. ఆయనదీ మా జిల్లానే, దేవరకొండ అని కూడా అందులోనే రాశారు.

నేను పరుగెత్తాను. ముఖానికి కట్టుకున్న రుమాలు మెడలోకి జారింది. సువర్ణరేఖ గేటు ఒక రెక్క తెరుచుకుంది. "శేఖరూ, లోపలికి ఉరుకు," అన్నాడు సీతారాములు. నేను నోరు కూడా తెరవలేదు. ఆయన నా చేతి మీది ఇటుక దుమ్ము చూశాడు, నా ముఖం చూశాడు, గేటు వేసేశాడు. నేను క్లాసులో కూర్చుని ఎవరి నోట్సో రాసుకుంటున్నట్టు నటించాను.

మర్నాడు పది గంటలకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఇటుక విసిరినవాడు ఈ గేటులోకే పోయాడని చూసినవాళ్లున్నారు. త్రినాథరావు గారు సెంటర్ మూయిస్తారేమోనన్న భయంలో, "మా సీతారాములు ఉన్నాడు సార్, ఒక్కసారి చూస్తే మర్చిపోడు," అనేశారు. మీసం కథ కూడా చెప్పారు. కథ నిజమా అని ఇన్‌స్పెక్టర్ సెలూన్ వాణ్ణి అడిగితే వాడు ఇంకో రెండు కథలు కలిపాడు. ముప్ఫై ఏళ్లుగా ఆయన్ను పొగిడిన నోళ్లన్నీ ఆ ఒక్క గంటలో మళ్లీ పొగిడాయి.

మా అబ్బాయిలను వరుసకు నలభై మంది చొప్పున నల్లబల్ల ముందు నిలబెట్టారు. సీతారాములును ముందు బెంచీలో కూర్చోబెట్టారు. నేను రెండో వరుసలో ఉన్నాను. చొక్కా మార్చాను, గడ్డం గీసుకున్నాను. అవి ఆ మనిషి ముందు ఎందుకూ పనికిరావని నాకు తెలుసు. కేసు పడితే నాకు ఈ జన్మలో సర్కారు నౌకరి లేదు. ఇంకొకటి కూడా ఇక్కడ రాసి తీరాలి. ఆయన నన్ను చూపిస్తే చెప్పడానికి నేనొక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. ముసలాయనకు చూపు ఆనదు, ఎవరిని పడితే వాళ్లను చూపిస్తాడు అని. రోజూ ఆయన టీ తాగినవాణ్ణి, రాత్రంతా ఆ మాటలు సాధన చేశాను.

ఆయన మొదటి వరుసనూ రెండో వరుసనూ ఒకేలా చూశాడు. నా దగ్గర ఆగలేదు, నన్ను వదిలేసీ పోలేదు. తర్వాత లేచి చేతులు కట్టుకుని, "ఎవ్వలు గుర్తొస్తలేరు సార్. ఆర్నెల్ల కింద బాత్రూంల జారిపడ్డ. గప్పటిసంది ముఖాలు యాదికుంటలేవు. మాట ఇంటే ఎరుకైతది, సూస్తె ఎరుకగాదు," అన్నాడు.

పడ్డ మాట నిజమే. తల వెనక కుట్లు కూడా పడ్డాయి, దవాఖానకు తీసుకుపోయింది త్రినాథరావు గారే. మరి గేటు దగ్గర ఎట్లా పని చేస్తున్నావని ఇన్‌స్పెక్టర్ అడిగితే, మెడల్లో ఐడీ కార్డులు చూసి పంపుతున్నానన్నాడు. ఇన్‌స్పెక్టర్ తెలివైనవాడు. ఇంట్లో ఎవరున్నారని కనుక్కుని, బాలాపూర్‌కు జీపు పంపాడు.

గంటన్నరకు యాదలక్ష్మి వచ్చింది. తండ్రికి ఏదో అయిందనుకుని వంట పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, చేతులకు పిండి అలాగే ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆమెను ఊడ్చే ముగ్గురు ఆడవాళ్లతో, క్యాంటీన్ ఆమె కిష్టమ్మతో కలిపి నిలబెట్టి, ఎవరూ నోరు తెరవొద్దన్నాడు. అప్పటిదాకా బయట కూర్చోబెట్టిన సీతారాములును లోపలికి పిలిచి, ఈ వరుస ముందు నడవమన్నాడు.

ఆయన మెల్లగా నడిచాడు. ఒక్కొక్కరి ముందు ఆగి చూశాడు. యాదలక్ష్మి ముందు కూడా అంతసేపే ఆగాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన ఆమెను దాటి కిష్టమ్మ ముందుకు జరిగాడు. వరుస అయిపోయింది.

వీళ్లలో నీ బిడ్డ ఉందా అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"నా బిడ్డ బాలాపూర్‌ల ఉంటది సార్," అన్నాడు సీతారాములు.

యాదలక్ష్మి ఆగలేకపోయింది. "నాయినా," అంది. ఆయన ఉలిక్కిపడి గొంతు వచ్చిన వైపు తిరిగి, ఎప్పుడొచ్చినవ్ బిడ్డా అని అడిగాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. హాల్లో ఉన్న ఆరు వందల మందీ ఆ ముసలాయన మీద జాలిపడ్డారు. అది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లేచి చెప్పాలని అనిపించింది. అనిపించిందని చెప్పుకోవడానికి కూడా ఇప్పుడు సిగ్గుగా ఉంది, ఎందుకంటే నేను లేవలేదు.

పోలీసులు పోయారు. కేసు మాత్రం ఎవరి పేరూ లేకుండా అలాగే ఉండిపోయింది. వారం తిరక్కుండా త్రినాథరావు గారు సీతారాములును పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు, కళ్లనీళ్లు పెట్టుకునే చెప్పారు. "ముఖాలు గుర్తుండని మనిషిని గేటు దగ్గర ఎలా ఉంచను సీతారాములూ? రేపేదైనా జరిగితే నన్నే కదా అడుగుతారు. ఏమీ అనుకోకు," అన్నారు. ముప్ఫై ఏళ్లు ఉన్న గదిలోని సామానుతో ఒక ట్రాలీ ఆటో సగం కూడా నిండలేదు. సామాను ఎక్కించడానికి క్లాసులో పిల్లలంతా వచ్చారు. నేనూ ఒక ట్రంకు పెట్టె మోశాను. ఆయన నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, జర పదిలం అన్నాడు. చుట్టూ జనమున్నారు మరి.

ఆ జనవరిలో వీఆర్వో పరీక్ష రాశాను, నౌకరి వచ్చింది. పోలీసు వెరిఫికేషన్‌లో నా పేరు మీద ఏ మచ్చా లేదు. మెట్రో పనులకు సువర్ణరేఖ ముందు భాగం కొట్టేశారు, మిగిలింది అమ్మేశారు. త్రినాథరావు గారు సెంటర్‌ను చైతన్యపురికి మార్చారు. బాలాపూర్ నేనుండే ఇంటికి బండి మీద ఇరవై నిమిషాల దారి. అక్కడి గణేశుడి లడ్డూ వేలం చూడటానికి ఆ తర్వాత రెండేళ్లూ పోయాను, జనంలో నిలబడి చూసి తిరిగొచ్చాను. ఆయన ఉండే గల్లీ ఎక్కడో తెలిసి కూడా పోలేదు. కేసు ఉంది కదా, నేను కనిపిస్తే ఆయనకే ఇబ్బంది అని నాకు నేను చెప్పుకున్నాను. నిద్ర మాత్రం సరిగా పట్టేది కాదు.

తెలంగాణ వచ్చింది. ఉద్యమం కేసులు ఎత్తేశారు, మాదీ అందులో పోయింది. ఆగస్టులో ఒక మధ్యాహ్నం బాలాపూర్ వెళ్లాను.

రెండు గదుల కిరాయి ఇల్లు. సీతారాములు గడప లోపల చాప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మనవరాలు బొమ్మలకు రంగులేస్తోంది. ఆయన నన్ను చూశాడు, ముఖంలో ఏమీ కదల్లేదు. ఎవరు బిడ్డా అని అడిగాడు. పిల్ల నావైపు తిరిగి, మాట వింటేనే తాత గుర్తుపడతాడని, పేరు చెప్పమని అంది. నేను పేరు చెప్పాను. పిల్ల రంగుపెన్సిళ్లు తీసుకుని పక్కింటికి పోయాక, ఆయన గొంతు తగ్గించి, "మస్తు సన్నవడ్డవ్ శేఖరూ. కేసేమైంది?" అన్నాడు.

ఎత్తేశారని చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత హాలు సంగతి అడిగాడు. ముందు ఏ తలుపు పీకారు, బాల్కనీ మెట్లు ఏమయ్యాయి, తన గది ఎప్పుడు కూలగొట్టారు అని ఒక్కొక్కటీ అడిగాడు. నాకు సగం తెలియదు. మూడేళ్లు ఎందుకు రాలేదని మాత్రం అడగలేదు.

అప్పుడు గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. యాదలక్ష్మి దగ్గర్లోని బడిలో ఆయాగా చేస్తోందట, పని నుంచి వచ్చింది. లోపలికి రాకుండానే, "నాయినా, నేను, యాదలక్ష్మిని," అంది. అంత మామూలుగా అంది. మూడేళ్లుగా రోజూ తన ఇంట్లోకి అడుగుపెట్టే ముందు ఆమె ఆ మాట అంటోందని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన తల తిప్పి, రా బిడ్డా అన్నాడు. ఆమె లోపలికి వచ్చి నాతో ఆయన జబ్బు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. మలక్‌పేట దవాఖానకు ఎన్నిసార్లు తిప్పిందో, స్కానింగులో ఏమీ కనిపించలేదన్నారట, బలానికి గోళీలు రాశారట, ఒక్క పూట మరవకుండా మింగిస్తోందట.

నా వల్ల కాలేదు. ఆయన వద్దు పిలగా అంటున్నా వినకుండా మొత్తం చెప్పేశాను. ఇటుక, గేటు, శేఖరూ అని పిలవడం, అన్నీ. యాదలక్ష్మి నిలబడే విన్నది. నా వైపు చూడలేదు. నేను తిట్లకు సిద్ధపడి వచ్చాను, ఆమె నన్ను తిట్టలేదు.

"అంటే ఆ దినం నన్ను సూసి గుర్తువట్టినవ్," అంది తండ్రితో.

"నీకు జెప్తె అల్లునికి జెప్తవ్, అల్లుడు ఆటో స్టాండ్ల జెప్తడు. పిలగాని నౌకరి పోతుండె బిడ్డా," అన్నాడు సీతారాములు.

ఆమె చెప్పులు వేసుకుని బయటికి పోయింది. పక్కింట్లో పిల్ల కోసం పోయిందనుకున్నాం. ఆయన చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. నేను లేవాలో కూర్చోవాలో తెలియక మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఉన్నాను.

కాసేపటికి ఆమె తిరిగి వచ్చి గడప అవతల నిలబడింది. పిల్ల లేదు. పేరు చెప్పలేదు. నోరు విప్పకుండా తండ్రిని చూస్తూ నిలబడింది. ఆయన తలెత్తాడు.

"యాదలక్ష్మీ, లోపలికి రా బిడ్డా," అన్నాడు.

"ఆ దినం గూడ నేను గింతే దూరంల నిలవడ్డ నాయినా," అంది. గడప మాత్రం దాటలేదు.